బ్రోనిస్లావ కట్టిన నలుపు

హేమంతాపరాహ్ణమున తేజోవిహీనుడైన భాస్కరుడు పొగమంచుతెరల మాటున మొగము దాచుకొనగా హిమఖండభారవాహినియైన విస్తులా నది మందగమనమున పారుచుండెను. తత్తీరమందలి పోలిష్ పట్టణము రష్యా చక్రవర్తి సేనలచే తన తిరుగుబాటు అణగద్రొక్కబడి మూడు శీతకాలములు గడచినను తేరుకొనలేక తలుపులు సగము మూసికొని నిట్టూర్చుచుండెను.

ఓడినవారికి కన్నీరైనను సొంతము గాదు గదా! దేశముకొరకు పోలిష్ స్త్రీలెల్లరు నల్లదుస్తులు ధరించి శోకము పాటించుచుండగా ప్రభుత్వమువారు దానిని రాజద్రోహముగా నెంచి, ఇంట ఆప్తులు మరణించిరని పత్రము పొందినవారు దక్క ఇతరులు నలుపు కట్టరాదని శాసించిరి. ఏడ్చుటకును సెలవుచీటి! ఔరా, ఏమి పరిపాలన!

బ్రోనిస్లావ యను వృద్ధురాలు మాత్రము ఆ శాసనమును పూచికపుల్లగానైనను సరకుగొనలేదు. ఆమెకు గల ఒక్కగానొక్క కొడుకు సెవెరిన్ తిరుగుబాటున పట్టుబడి సైబీరియా గనులకు పంపబడియుండెను. అచటికి పంపు మూటలపై ఖైదీ పేరు రష్యాలిపిలోనే యుండవలెనను నియమముచే ఆమె పండ్లు బిగబట్టి బిడ్డ పేరులోని అక్షరములు మాత్రము నేర్చి, అంతకుమించి ఒక్కటియు నేర్వనని ఒట్టుపెట్టుకొనెను.

నెలకొకమారు భటులు ఆమెను పట్టి తెచ్చుటయు, కచేరీలో నెరసిన గుమాస్తా యెర్మొలాయ్ విసుగుతో ప్రశ్నించుటయు పరిపాటియయ్యెను.

“అమ్మా, కొడుకు పోయినాడని ఒక్కమాట అనుము. పత్రము వ్రాసియిచ్చెదను. ఇద్దరికిని పీడ వదలును.”

“నీ నోట మన్ను పడ! నా బిడ్డ నిక్షేపముగా నున్నాడు. గుడ్డపీలికకొరకు బ్రతికియున్నవానిని చంపుకొందునా? ఈ నలుపు నా దేశమునకు.”

ఆనాడు మాత్రము అతడేమియు నడుగలేదు. తలయెత్తక ఒక పత్రము వ్రాసి ముద్రవైచి ఆమె ముందునకు జరిపెను.

“రేపటినుండి పత్రములేక నలుపు కట్టినవారిని చెరసాలకు పంపుమని ఉత్తరువు వచ్చినది. ఇది దగ్గర నుంచుకొనుము. ఎవ్వరు నాపరు.”

“ఎట్టకేలకు దారికి వచ్చితివా!” అని అలసిన నవ్వు నవ్వి ఆమె దానిని మడువబోయెను. చీమలబారువలె నున్న ఆ వ్రాతలో ఆమెకు తెలిసిన మాట ఒక్కటే యుండెను. మూటమూటపై తాను వ్రాసిన మాట. దానిపై వ్రేలుంచి అక్షరమక్షరము కూడబలుకుకొని చదివెను. సెవెరిన్.

“ఎప్పుడు?” అనెను.

“కబురు వచ్చి మూడు నెలలైనది. నీవు ‘ఉన్నాడు, ఉన్నాడు’ అనుచుండగా నాకు నోరు రాలేదమ్మా.”

ఆమె తిట్టలేదు. పత్రమును మడిచి రవికలో దాచుకొని వెడలిపోయెను.

మరునాడు వంతెనవద్ద ఒక క్రొత్త భటుడు ఆమెను నిలిపి “పత్రమున్నదా?” యని గద్దించెను. ఆమె చేయి రవికవరకు పోయి ఆగెను.

“లేదు.”

“మరి యెవరు పోయిరని ఈ నలుపు?”

“నా దేశమునకై కట్టితిని. నా యింట అందరును క్షేమము” అని పలికి ఆ వృద్ధురాలు చెరసాల త్రోవను వానికి ముందుగా నడచెను.