బస్సు పోని చోట బస్సుల సభ

రోజూ పదిన్నర కాగానే వెర్డెల్ స్టవ్ కట్టేసి, మెత్తగా ఉడికించి మెదిపిన చిలగడదుంపను ఒక చిన్న డబ్బాలో పెట్టి, చల్లారిపోకుండా తువాలు చుట్టి సంచిలో వేసుకుంటుంది. డెబ్బై మూడేళ్ళ మనిషి. గుమ్మం మెట్లు ఒక్కొక్కటే దిగి వీధి మూలనున్న స్టాపు దగ్గర నిలబడితే, పది యాభైకి పదకొండో నంబరు బస్సు వస్తుంది. ఊరికి ఆ చివరనున్న వృద్ధుల ఆసుపత్రి దగ్గర దింపుతుంది. అక్కడ ఆమె అక్క ఎర్నెస్టీన్ ఉంది. పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. చెల్లెలు తినిపిస్తే తప్ప ముద్ద మింగదు. నర్సులు ఎంత బతిమాలినా పళ్ళు బిగబట్టి కూర్చుంటుంది.

చూసేవాళ్ళకు ఇది ముచ్చటగా ఉంటుంది. ముసలి అక్క, ముసలి చెల్లెలు, మధ్యలో ఒక బస్సు. ఇందులో బాధపడవలసింది ఏముందని మీరు అడగవచ్చు. అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని ఆ ఊళ్ళో కారు లేని మనిషంటే ఏదో తప్పు చేసిన మనిషి కిందే లెక్క. చూపు పోయిందా, తాగి నడిపితే లైసెన్సు లాక్కున్నారా అని జాలిగా అడుగుతారు. బస్సుంది కదా, కారెందుకని వెర్డెల్ ఏనాడూ నడపడం నేర్చుకోలేదంటే ఎవరూ నమ్మరు.

ఒకప్పుడు ఆమెనిలా ఎవరూ అడిగేవారు కాదు. టైర్ల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో పదకొండో నంబరు పది నిమిషాలకొకటి వచ్చేది, అయినా నిలబడడానికి చోటుండేది కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో పనిచేసేవారు, తెల్లారి ఆరింటి బస్సుకు చేతులు పట్టుకొని పరుగెత్తేవారు. ఎర్నెస్టీన్ నోరు ఊరుకునేది కాదు. ఎవరి కొత్త టోపీ చూసినా ఒక మాట విసిరేది, బస్సంతా ఘొల్లుమనేది. వెర్డెల్‌కు తన భర్త రాయిస్ పరిచయమైందీ ఆ బస్సులోనే. నెల రోజులపాటు ఆమెకు చోటివ్వడానికి లేచి నిలబడ్డాడు గాని, పేరు అడగడానికి ధైర్యం చాలలేదు. చివరికి ఎర్నెస్టీనే కల్పించుకొని, "ఒరే అబ్బాయ్, మా చెల్లి పేరు వెర్డెల్. ఇంక కూర్చో, నీ కాళ్ళు పడిపోతాయి" అంది.

ఆ బస్సుకు ఒక ఆచారం ఉండేది. రోజూ ఎక్కే మనిషి ఆ రోజు రానట్టయితే ముందురోజే ఎవరితోనైనా డ్రైవరుకు చెప్పి పంపాలి. చెప్పకుండా రాకపోతే డ్రైవరు ఆ ఇంటికెదురుగా ఆగి రెండుసార్లు హారను కొట్టేవాడు. అప్పటికీ తలుపు తెరుచుకోకపోతే ఎవరో ఒకరు దిగి వెళ్ళి చూసేవారు. ఒక చలికాలంలో ఒంటరి ముసలాయన ఒకాయన స్నానాల గదిలో జారిపడి లేవలేక ఉంటే అలాగే దొరికాడు. ఆయన ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఇప్పుడు ఎవరి కారులో వాళ్ళు తలుపులు వేసుకొని పోతున్నారు. పక్కింటి మనిషి మంచం పట్టినా వారం దాకా తెలియదు.

మే నెలలో ఒకనాడు స్టాపు స్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది. ప్రయాణికులు తగ్గినందున పదకొండో నంబరును ఎత్తివేయాలని ఆలోచిస్తున్నామనీ, అభ్యంతరాలుంటే సభకు వచ్చి చెప్పుకోవచ్చనీ దాని సారాంశం. డ్రైవరు లమాంట్ తలుపు తెరిచి, ఆమె చదవడం ముగిసేదాకా ఆగాడు.

"నన్నింకో రూటుకేస్తార్లే వెర్డెలమ్మా. నువ్వెట్లా మరి?"

"నాకేమైందిరా, దుక్కలా ఉన్నాను. మా అక్క తిండి మానేస్తే ఎన్నాళ్ళుంటుందో అది చెప్పు."

చర్చిలో వాళ్ళు మంచివాళ్ళు. తలా ఒక రోజు కారులో తీసుకెళ్తామన్నారు. మొదటి రెండు వారాలు తప్పకుండా వస్తారనీ, మూడో వారంలో ఒకరికి పిల్లల జ్వరం, మరొకరికి ఆఫీసు పని అడ్డొస్తాయనీ వెర్డెల్‌కు తెలుసు. వాళ్ళ తప్పేమీ కాదు. కానీ రోజూ ఎవరో ఒకరిని అడుక్కొని వెళ్ళవలసి వస్తే, అడిగిన ప్రతిసారీ తను కొంచెం కొంచెంగా తగ్గిపోతుందని ఆమెకు భయం.

సభ మంగళవారం సాయంత్రం ఆరున్నరకు, హైవే పక్కన కొత్తగా కట్టిన భవనంలో. అటువైపు ఆఖరి బస్సు అయిదూ నలభైకి. అది కూడా మైలున్నర ఇవతలే ఆగిపోతుంది. వెర్డెల్ ఆ బస్సెక్కి, చివర దిగి నడక మొదలుపెట్టింది. కొంతదూరం కాలిబాట ఉంది. తర్వాత ఉన్నట్టుండి అది ఆగిపోయింది. ఒక పక్క మురుగుకాలవ, మరో పక్క దూసుకుపోయే కార్లు. గడ్డిలో అడుగులో అడుగు వేసుకుంటూ, రెండుసార్లు కూర్చొని, మళ్ళీ లేచి నడిచింది. బూట్లనిండా బురద.

ఆమె తలుపు తోసేసరికి ఏడు దాటింది. లోపల ఊరి రోడ్లూ బస్సులూ చూసే సంఘం అధ్యక్షుడు ప్రూయిట్ కాగితాలు సర్దుకుంటున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న అరవై ఏళ్ళ మనిషి. పదకొండో నంబరు గురించి మాట్లాడడానికి ఒక్కరూ రాలేదనీ, అంటే ఎవరికీ పెద్ద ఇబ్బంది లేనట్టేననీ అంటున్నాడు.

"నేనొచ్చాను," అంది వెర్డెల్ గుమ్మంలోంచి. "కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."

ఎవరో కుర్చీ జరిపారు. ఆమె కూర్చోలేదు.

"ఇక్కడికి బస్సులో వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"బస్సు ఎక్కేవాళ్ళు ఎందుకు రాలేదంటున్నారు గదా. బస్సే రాని చోట బస్సుల సభ పెడితే ఎట్లా వస్తాం బాబూ? నేను మైలున్నర నడిచొచ్చాను. తిరిగి ఇంటికెట్లా పోవాలో నాకే తెలీదు. మా అక్క రోజూ నా చేతి ముద్ద కోసం చూస్తుంది. ఆ బస్సు తీసేసి మీరు రేపు హాయిగా భోంచేస్తారు. మా అక్క మటుకు తినదు."

ప్రూయిట్ మొహం కందిపోయింది. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. కారు పెట్టుకోవడానికి చోటు బాగుందని అక్కడ సభ పెట్టాడు, అంతకుమించి ఆలోచించలేదు. నిర్ణయం రెండు వారాలు వాయిదా వేస్తున్నామనీ, ఈసారి సభ ఊరి నడుమ గ్రంథాలయంలో మధ్యాహ్నం రెండింటికనీ అక్కడికక్కడే ప్రకటించాడు.

"మీరూ బస్సులోనే రండి మరి," అంది వెర్డెల్. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, సరేనన్నాడు. ఆ సాయంత్రం తన కారులో ఆమెను ఇంటి దగ్గర దింపాడు. తన ఇంటికి ఎనిమిది నిమిషాల దూరంలో ఉన్న ఆ వీధి పేరు ఆయన ఎప్పుడూ వినలేదు.

రెండు వారాల తర్వాత వెర్డెల్ అక్కకు తినిపించి, మూతి తుడిచి, తిరుగు బస్సెక్కింది. నాలుగో స్టాపులో ప్రూయిట్ చెమటలు కక్కుతూ ఎక్కాడు. రోడ్డుకు అవతలి పక్క అరగంట నిలబడ్డాడట. బస్సులు రెండు పక్కలా పోతాయనీ, తనకు కావలసింది ఇవతలి పక్క ఆగుతుందనీ ఆయనకు తట్టనే లేదు. వెర్డెల్‌కు నమస్కరించి, కిటికీ పక్కన కుదురుగా కూర్చున్నాడు.

గ్రంథాలయం దగ్గరపడింది. బస్సులో సభకు పోయేవాళ్ళు ఏడుగురున్నారు. అందరూ దిగేవాళ్ళు గంట మోగించడానికి కిటికీ పైన వేలాడే తాడు వైపు చూసి, తర్వాత వెర్డెల్ వైపు చూశారు. ఆమె తల అడ్డంగా ఊపింది. గ్రంథాలయం మెట్లు, ద్వారం, గడియారం అన్నీ ప్రూయిట్ కళ్ళ ముందే వెనక్కి వెళ్ళిపోయాయి.

"డ్రైవరుగారూ, నా స్టాపు దాటిపోయింది," అన్నాడాయన కంగారుగా.

"తాడు లాగలేదు కదండీ," అన్నాడు లమాంట్. "లాగకపోతే ఆపను."

బస్సంతా పగలబడి నవ్వింది. ఎన్నేళ్ళకు ఈ బస్సులో ఇంత నవ్వు! వెర్డెల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క ఈ బస్సులో ఉంటే ఈ పాటికి ఆ పెద్దమనిషిని ఏడిపించి వదిలేదనుకుంది. ప్రూయిట్ కూడా చివరికి నవ్వాడు. రెండు స్టాపుల తర్వాత అందరూ దిగి, ఎండలో వెనక్కి నడిచారు. ఆ నడకలో ఆయన ఒక్కొక్కరినీ ఎక్కడికి వెళ్తారని అడిగాడు. ఒకామె హోటల్లో పక్కలు సర్దే పనికి, ఒకాయన మందుల కోసం, మరొకామె మనవడి బడికి. తను పెట్టిన సభకు తనే పావుగంట ఆలస్యంగా చేరాడు.

సంఘం సభ్యులు ఓట్లు వేశారు. బస్సు ఉంచాలని నాలుగు, తీసెయ్యాలని మూడు. పగటి బస్సులు మిగిలాయి. ఆదివారం బస్సు పోయింది. ఇకనుంచి ఆదివారాలు చర్చికైనా, అక్క దగ్గరికైనా వెర్డెల్ ఎవరినో ఒకరిని అడగాల్సిందే. అయినా రేపు మధ్యాహ్నం అక్క తింటుంది. ఆ ఒక్కటీ చాలనుకొని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

సభ ముగించే ముందు ప్రూయిట్ లేచి నిలబడ్డాడు. ఆయన చొక్కా ఇంకా తడిగానే ఉంది.

"ఈ రూటులో రోజుకు నలభై మందే ఎక్కుతున్నారని మా దగ్గర కాగితం ఉంది. ఆ కాగితం నేను పదిసార్లు చదివాను. వాళ్ళెక్కడికి పోతున్నారని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరికి రోడ్లు వేయిస్తున్నాను, వాటి మీద ఒక మనిషి నడిచిపోగలడా లేదా అని చూడలేదు. ఇవాళ ఒక్క మధ్యాహ్నం కారు లేకుండా తిరిగేసరికి నాకు సిగ్గేసింది. కారు లేనివాళ్ళ బతుకు గురించి తీర్పు చెప్పాలనుకునేవాళ్ళు ముందు ఒక్క వారం వాళ్ళలా బతికి చూడాలి."