తెలియలేదని రాసిన చోట

మా బాబాయి ఎవరికీ చెడు చేసే మనిషి కాదని మా పిన్ని చెబుతూ ఉంటుంది. పిన్నికి ప్రోగ్రాములు చదవడం రాదు.

నేను పనిచేసేది సిటీ బస్సుల ఆఫీసులో. ఏ డ్రైవరుకు ఏ బండి, ఏ పూట అన్నది తేల్చే చిన్న చిన్న కంప్యూటర్ స్క్రిప్టులు రాయడం నా పని. ఉద్యోగం ఇప్పించిందీ, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందీ బాబాయే. చేరిన కొత్తలోనే కామెంట్ల గురించి పాఠం చెప్పాడు.

"వరుస మొదట్లో ఈ గుర్తు పెట్టావంటే ఆ వరుసని కంప్యూటర్ పట్టించుకోదమ్మా. అది మనుషుల కోసం. నీకు తెలిసింది ఎటూ కోడ్‌లో కనిపిస్తుంది. తెలియనిది రాయి. వెనకొచ్చేవాడు గోతిలో పడకుండా ఉంటాడు."

ఆ మాట నాకెంత నచ్చిందంటే, అనుమానం వచ్చిన ప్రతిచోటా రాసేదాన్ని. 'ఇది పనిచేస్తోంది, ఎందుకో తెలియదు.' 'ఇక్కడ తొందరలో అతుకు వేశాను, మళ్లీ చూడాలి.' రాత్రి డ్యూటీ దిగిన డ్రైవరుకు పొద్దున్నే మళ్లీ బండి పడకుండా చూసే పాత లెక్క ఒకటుంది. దాని పైన 'నెల మారే రాత్రి ఇది తప్పుతుందేమో, నాకు అర్థం కాలేదు' అని రాశాను. ఆఫీసులో అందరూ నన్ను 'డౌటమ్మ' అని ఏడిపించేవాళ్లు. బాబాయి మాత్రం భుజం తట్టేవాడు.

మా విభాగం పెద్ద రిటైరయ్యాక ఆ కుర్చీ నాకో, మా మరిదికో అన్నారు. మరిది అంటే బాబాయి అల్లుడు, నిరుడు చేరాడు. దాచడమెందుకు, ఆ కుర్చీ నాకు కావాలి. ఇన్నేళ్లూ ఆ బస్సులు కదిలింది నా స్క్రిప్టుల మీదే. ఆశపడటం తప్పనుకోలేదు.

మీటింగులో మేనేజరు మా ఇద్దరి గురించీ బాబాయిని అడిగారు. బాబాయి తన ల్యాప్‌టాప్ తెరిచాడు. నా కామెంట్లు గోడ మీద పెద్ద అక్షరాలతో పడ్డాయి.

"పిల్ల మంచిదే సార్. కానీ చూడండి, తన పని మీద తనకే నమ్మకం లేదు," అంటూ ఒక్కొక్కటే పైకి చదివాడు. మొదట నెల మారే రాత్రి సంగతి. 'నాకు అర్థం కాలేదు' దగ్గర కాస్త ఆగాడు కూడా. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అది పాత లెక్క సార్, నేను రాసింది కాదు," అన్నాను.

"మరెవరిది?" అన్నారు మేనేజరు.

నాకు తెలియదు. ఎవరిదైతే ఏంలే అని నేనెప్పుడూ వెతకలేదు. బాబాయి వైపు చూశాను. ఆయన టీ ఊదుకుంటున్నాడు.

కుర్చీ మరిదికి వెళ్లింది. అతను కామెంట్లు రాయడు కనుక అన్నీ తెలిసినవాడి కిందే లెక్క.

సీటుకొచ్చి నా కామెంట్లన్నీ చెరిపేయడం మొదలుపెట్టాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. నా వేలితో నా కన్నే పొడిచాడు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నెల మారే రాత్రి దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. నిద్రలేని మనిషి చేతికి బస్సు ఎలా ఇస్తాను? కోపం కోపమే, పని పనే. సాయంత్రం దాకా కూర్చుని తప్పు పట్టుకున్నాను, సరిచేశాను. ఏ వరుస ఎవరు రాశారో పాత మార్పుల చిట్టాలో ఉంటుంది. అప్పుడు తెరిచి చూశాను. బాబాయి పేరుంది.

అందరూ వెళ్తుండగా ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కామెంట్లు తీసేస్తున్నావటగా? వద్దమ్మా. అబ్బాయి కొత్తవాడు, వాడికి అవే దిక్కు. కోపం మనసులో పెట్టుకోకు. ఆదివారం భోజనానికి రా."

"బాబాయ్, నాకు అర్థం కాలేదని రాశానే, ఆ లెక్క మీరు రాసిందే. మీకు గుర్తు లేదు కదూ?"

లేదంటే చాలు, నమ్మేద్దామనే ఉంది నాకు.

ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"గుర్తుండకేం? అందుకేగా ముందు అదే చదివాను."

"ఆదివారం నేను రావడం లేదు సార్," అన్నాను.