కరుణ ఎక్కడ ఆడాలి

సంచి అడుగున మోకాలి పట్టీ పెట్టి, దాని మీద రెండు లంగాలు పరిచి, ఆ పైన బూట్లు పెట్టాను. బూట్ల పక్కన కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె సీసా పెట్టాను. ఎవరైనా అడిగితే తలకి రాసుకునే నూనె అని చెప్పాలి. సున్నుండల డబ్బా, గోంగూర పచ్చడి జాడీ, బైబిలు అన్నిటికంటే పైకి వచ్చాయి. పట్టీ ఎవరి కంటా పడకూడదు.

"ఏంటి పిన్నీ ఇంత బరువు? పిల్ల ఆటకి వెళ్తుందా, కాపరానికి వెళ్తుందా?" అంటూ లాజరు గుమ్మంలోంచి వంగి సంచిలో చెయ్యి పెట్టబోయాడు. అతను రేపల్లె రైల్వే స్టేషన్లో పనిచేస్తాడు, మా సంఘంలో పెద్ద.

"చెయ్యి తియ్యి. ఆడపిల్ల బట్టలున్నాయి" అన్నాను. నా గొంతు ఎంత కటువుగా వచ్చిందంటే అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆదివారం ఆరాధన ముగిసి గంట కూడా కాలేదు, అరుగు మీద అప్పుడే తగువు మొదలైంది. నా మనవరాలు కరుణ ఆ మధ్యాహ్నం తెనాలి వెళ్ళి, సాయంత్రం బండిలో హైదరాబాదు వెళ్ళాలి. అక్కడ ఒక బ్యాటరీల కంపెనీకి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. కరుణని మూడేళ్ళ కాంట్రాక్టు మీద తీసుకుంటామన్నారు. మూడేళ్ళూ ఆడితే ఆఫీసులో పర్మినెంటు ఉద్యోగం. మొదటి ఏడాదిలో దెబ్బ తగిలి ఆడలేకపోతే కాంట్రాక్టు రద్దు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని కరుణ చేత నాలుగుసార్లు తెలుగులో చెప్పించుకున్నాను. సంతకం ఇంకా పెట్టలేదు.

తగువు జీతం గురించి కాదు. కరుణ ఎక్కడ ఆడాలన్నదాని గురించి. పదేళ్ళుగా మా చర్చి కాంపౌండులోని సిమెంటు కోర్టు మీద అది రింగు కింద నిలబడి, అందరికంటే పైకి ఎగిరి బంతి వేసేది. అలా ఆడేవాళ్ళని ఫార్వర్డ్ అంటారు. జనవరిలో బాపట్ల టోర్నమెంటులో అలాగే ఆడి కప్పు తెచ్చింది. ఇప్పుడు కంపెనీ వాళ్ళు దాన్ని వెనక గార్డుగా నిలబెడతామన్నారు. బంతి అందుకుని, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి, వాళ్ళకి అందించడమే పని. పాయింట్లు మిగతావాళ్ళవి.

ఊరు మండిపోయింది. వేలిముద్ర వేసే ముసలాళ్ళు కూడా గార్డు అన్న మాటని బూతులా పలికారు.

వాళ్ళకి తెలియనిది ఒకటుంది. బాపట్ల చివరి మ్యాచిలో కరుణ ఎగిరి దిగినప్పుడు కుడి మోకాలు మెలిక తిరిగింది. కప్పు ఊరేగింపులో నవ్వుతూ నడిచి, ఇంటికొచ్చి గోడ పట్టుకుని కూలబడింది. చెరుకుపల్లి డాక్టరు కాలు వంచి చూసి, "పరిగెత్తు పరవాలేదు, ఎగరకు. ఇలాగే ఎగురుతుంటే రెండేళ్ళలో కుంటుతావు" అన్నాడు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఊరు అవమానమనుకుంటున్న గార్డు పని దాని అదృష్టం. మోకాలి మాట బయటపడితే ఆ అదృష్టం ఉండదు.

బయటపెట్టాలంటే నేను నోరు తెరిస్తే చాలు. ఆ ఆలోచన నన్ను నెల రోజుల నుంచి నిద్రపోనివ్వలేదు. మద్రాసు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మా ఆయన సంచి నేనే సర్దాను. గుంటూరుకి కాన్పుకి వెళ్ళేటప్పుడు మా అమ్మాయి సంచీ నేనే సర్దాను. ఇద్దరూ తిరిగి రాలేదు. మా అమ్మాయి సంచితో పాటు తిరిగొచ్చింది ఈ కరుణ, పొత్తిళ్ళలో. ఒక్క మాట అంటే ఇది ఇంట్లోనే ఉండిపోతుంది.

రైల్లో మాతో ఇరవై మంది ఎక్కారు, సాగనంపడానికట. వాళ్ళలో ముందు మనిషి బసవపున్నయ్య. బజారులో బట్టల కొట్టు. జట్టుకి బనీన్లు కుట్టించేది ఆయనే కాబట్టి జట్టు కూడా తన కొట్లో సరుకే అనుకుంటాడు.

"గార్డంటే ఏంటయ్యా? పచ్చజెండా ఊపటానికా?" అన్నాడు బండి కదలగానే.

"గార్డు జెండా ఊపకపోతే బండి ఇక్కడే ఉంటదండి బాబూ. మా డిపార్టుమెంటుని ఏమనమాకండి" అన్నాడు లాజరు. అందరూ నవ్వారు. "నా గోల అది కాదు. మూడేళ్ళేంటి, పిల్లనేమన్నా కౌలుకి తీసుకుంటున్నారా? ముందే పర్మినెంటు అని రాయమనండి."

"పర్మినెంటు తర్వాత. ముందు ఫార్వర్డ్ అని రాయాలి. బాపట్లలో ముప్పై ఒక్క పాయింట్లు వేసిన పిల్ల వెనక నిలబడి ఎవత్తెకో బంతి అందించాలా? వడ్డించే పనా అది?" అన్నాడు బసవపున్నయ్య.

"వడ్డించేవాళ్ళు లేకపోతే తమరు తినేదెట్టా?" అని ఎవరో వెనకనుంచి అన్నారు.

"ఎవడ్రా అది? తెనాలోడెవడన్నా ఎక్కాడా మన పెట్టెలో?"

దశరథరామయ్య మాస్టారు ఈ గోలలో కలవకుండా కరుణ ఎదురుగా కూర్చున్నారు. బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు, మా వీధి చివర అద్దెగదిలో ఉంటారు. కరుణకి తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టి, రోజూ తెల్లారకముందే సైకిలు మీద వచ్చి, కోర్టు తానే ఊడ్చి, దాన్ని ఎగిరించేవారు. ఆయన కూడా నా మీదా కంపెనీ మీదా కోపంగానే ఉన్నారు.

"వాళ్ళకి ఆట తెలీదు మామ్మగారూ. అంత ఎత్తు ఎగిరే పిల్ల ఈ జిల్లాలో లేదు. మీరెట్టా ఒప్పుకున్నారు?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఆ పెట్టెలో ఇంతమంది ఉన్నారు, నీకేం కావాలమ్మా అని దాన్ని ఒక్కరూ అడగలేదు. సంతలో గేదెని మధ్యలో నిలబెట్టి పళ్ళు లెక్కపెట్టినట్టుంది నాకు.

వేమూరు దాటాక బసవపున్నయ్య అసలు విషయం బయటపెట్టాడు.

"ఎందుకయ్యా గొడవ? నాలుగింటికి తెనాలి జట్టుతో మ్యాచి పెట్టించాను. కంపెనీ మేనేజరు నాగభూషణరావుగారు కాంట్రాక్టు తీసుకుని అక్కడికే వస్తున్నాడు. మిగతా పిల్లలు ఒక్క బంతీ వెయ్యకూడదు, అన్నీ కరుణకే ఇవ్వాలి. ఇది ఎగిరి ఎగిరి వేస్తుంటే ఆయనే కాగితం మార్చి రాసుకుంటాడు."

పెట్టె ఈలలతో దద్దరిల్లింది. కరుణ నా మణికట్టు పట్టుకుంది. దాని వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ప్రయాణం పెట్టుకుని ఆటేంటి బాబూ? ఎవర్నడిగి పెట్టించారు?" అన్నాను.

"ఊరి పిల్ల మామ్మగారూ. ఊరికి అడిగేదేముంది?"

తెనాలిలో ఒక బడి కోర్టు చుట్టూ అప్పటికే జనం ఉన్నారు. నాగభూషణరావు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నెమ్మదైన మనిషి, ఒళ్ళో ఫైలు. మా పిల్లలు బసవపున్నయ్య చెప్పినట్టే చేశారు. ఎవరి చేతికి బంతి వచ్చినా కరుణకే విసిరారు. తెనాలి పిల్లలు అది కనిపెట్టి ముగ్గురు దాని మీద పడ్డారు. ముగ్గురి మధ్యలోంచి కరుణ ఎగిరింది. బంతి రింగులో పడింది. మావాళ్ళు కేకలు పెట్టారు. నాకు మాత్రం అది దిగడమే కనిపించింది. మళ్ళీ ఎగిరింది, దిగింది. అలా దిగిన ప్రతిసారీ పెదవి కొరుక్కుని ఒక్క క్షణం ఎడమకాలి మీదే నిలబడేది.

సగం ఆట అయ్యేసరికి నాకు ఒళ్ళు మండిపోతోంది. మంచినీళ్ళ కుండ దగ్గర కరుణ బెంచీ మీద కూర్చుంటే మాస్టారు దాన్ని తిడుతున్నారు.

"ఏంటా ఎగరడం? బద్ధకమా? రెండు కాళ్ళ మీద లే!"

నేను ఆయన పక్కకి వెళ్ళి, గొంతు తగ్గించి అన్నాను. "పదేళ్ళు సిమెంటు మీద ఎగిరించారు కదా మాస్టారూ. ఆ పిల్ల మోకాలు ఎప్పుడన్నా చూశారా? పాయింట్లు లెక్కపెట్టారు. కాలు చూశారా?"

ఆయన నా వైపు చూశారు. తర్వాత బూటు లేసు కట్టే వంకతో దాని ముందు కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేశారు. వేడికి ఆ చెయ్యి ఒకసారి ఉలిక్కిపడింది. మళ్ళీ పెట్టి అలాగే ఉంచారు.

"ఎప్పటినుంచి?"

"బాపట్ల నుంచి" అంది కరుణ.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఊరుకోరుగా మాస్టారూ. ఆట మాన్పిస్తారు, లేకపోతే మందు రాసి ఎగరమంటారు. రెండూ నాకొద్దు. నాకు వెళ్ళాలనుంది."

ఆ మాట నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. కాలు కోసం వెళ్తోందనుకున్నాను, ఉద్యోగం కోసం అనుకున్నాను. వెళ్ళాలనుందని అది ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. రైల్లో వాళ్ళందరినీ తిట్టుకున్నాను గానీ వాళ్ళతో పాటు నేనూ కూర్చున్నాను.

మాస్టారు లేచి, "వెనక్కి వచ్చెయ్. బంతి పంచు. ఇంక ఎగరకు" అన్నారు.

రెండో సగంలో కరుణ బంతిని ఆ చివర నుంచి ఈ చివరకి ఎవరూ ఊహించని చోటికి పంపింది. పార్వతి అనే సన్నటి పిల్ల, అంతవరకూ బంతి తాకే ధైర్యం లేనిది, వరసగా నాలుగు బాస్కెట్లు వేసింది. నాగభూషణరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మావాళ్ళకి మాత్రం పూనకం వచ్చింది. "వెయ్యవే! నీ చేతికేమైంది? పార్వతి ఎవత్తె?" అని మావాళ్ళే మా పిల్లని తిట్టారు. చివరికి ఒక్క పాయింటు వెనకబడి ఉండగా కరుణ చేతికి రింగు పక్కనే బంతి వచ్చింది. ఎగిరితే చాలు. "ఎగురు! ఎగురు!" అని రేపల్లె అంతా అరిచింది. కరుణ ఎగరలేదు. పార్వతికి ఇచ్చింది. పార్వతి వేసిన బంతి రింగుకి కొట్టుకుని బయట పడింది. ఈల మోగింది. తెనాలి వాళ్ళు గెలిచారు.

మా ఇరవై మందీ కోర్టులోకి దూసుకొచ్చారు. బసవపున్నయ్య కరుణ భుజం పట్టుకుని ఊపాడు.

"ఎందుకు ఎగరలేదే? ఆ? తెనాలోళ్ళ ముందు మా మొహాన పేడ కొడతావా? కాలేమన్నా విరిగిందా నీకు? చెప్పు! కాలికేమన్నా అయిందా?"

నాగభూషణరావు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆ ప్రశ్న విని తలెత్తాడు. అందరూ ఆగారు. జవాబు నా నోట్లో సిద్ధంగా ఉంది. అవును అంటే సాయంత్రం బండికి నేనూ కరుణా రేపల్లె వెళ్ళిపోతాం. దాని సంచి విప్పి బట్టలు మళ్ళీ దండెం మీద వేసుకుంటాను. కరుణ నా వైపు చూస్తోంది. బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది.

"భుజం మీద చెయ్యి తియ్యి" అన్నాను బసవపున్నయ్యతో. "పాతికేళ్ళు బట్టలు అమ్మావు, ఆడపిల్లని ఎక్కడ పట్టుకోకూడదో తెలీదా? దాని కాలు నీకెందుకు? అది బాగానే ఉంది."

"బాగుంటే ఎందుకు ఎగరలేదంట?"

"నేను చెప్పాను" అన్నారు దశరథరామయ్య మాస్టారు.

జనం ఆయన వైపు తిరిగారు.

"నేనే ఎగరొద్దన్నాను. చివరి బంతి కూడా ఇచ్చెయ్యమన్నాను. పిల్లనేమీ అనకండి."

"ఎందుకన్నారు?"

"అన్నాను. అంతే."

బసవపున్నయ్య మొహం నల్లబడింది. "పొద్దున ఫార్వర్డ్, ఇప్పుడు గార్డు. కంపెనీ వాళ్ళు ఎంత ఇచ్చారు మాస్టారూ?"



"అందుకేనా రైల్లో నోరు మెదపలేదు? పదేళ్ళు పెంచింది అమ్ముకోటానికా?" అన్నాడు లాజరు, ప్రతి ఆదివారం నా ముందు వరసలో మోకరించే లాజరు. ఇంకెవరో ఆయన మీదకి బనీను విసిరారు. చెమటకి తడిసిన ఆ బనీను ఆయన ఛాతీకి తగిలి కింద పడింది. ఆయన దాన్ని తీసి, మడత పెట్టి, బెంచీ మీద పెట్టారు.

నేను అరిచాను. సిగ్గులేనివాళ్ళన్నాను, కుక్కలన్నాను. నిజం మాత్రం అనలేకపోయాను. అది చెబితే మాస్టారు ఒడ్డున పడతారు, కరుణ మునుగుతుంది. ఆయనకీ అది తెలుసు. నా వైపు తల అడ్డంగా ఊపి, జనంలోంచి దారి చేసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయారు.

"మాకు కావలసింది సరిగ్గా ఈ రెండో సగమేనండి" అని నాగభూషణరావు ఫైలు తెరిచాడు. కరుణ ఆ బెంచీ మీదే సంతకం పెట్టింది. ప్లాట్‌ఫారం మీద బండి కదిలేవరకూ, "మాస్టారు రాలేదేంటి అమ్మమ్మా?" అని అడుగుతూనే ఉంది.

కరుణ మూడేళ్ళూ ఆడింది. ఉద్యోగం పర్మినెంటు అయింది. ప్రతి క్రిస్మస్‌కీ వస్తుంది, పొరపాటున కూడా కుంటదు. ఇప్పుడు బసవపున్నయ్య, గార్డుగా దాన్ని మొదట గుర్తుపట్టింది తానే అని చెప్పుకుంటాడు. పర్మినెంటు కాగితం వచ్చిన రోజే నేను అతని కొట్టుకి వెళ్ళి, కొనేవాళ్ళందరి ముందూ నిజం చెప్పాను. "అప్పుడే చెప్పొచ్చుగా మామ్మగారూ" అన్నాడు, తాను కొలిచే గుడ్డ మీదనుంచి తలెత్తకుండా.

అతన్నీ లాజరునీ వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళాను. ఆట జరిగిన రోజునే మాస్టారు తెనాలి నుంచి నేరుగా అక్కడి చెల్లెలింటికి వెళ్ళిపోయారు. సామాను కోసం మేనల్లుణ్ణి పంపి గది ఖాళీ చేయించారు. ఇద్దరూ క్షమించమన్నారు. ఆయన మాకు కాఫీ ఇప్పించి, వానల గురించి మాట్లాడి, కరుణ మోకాలు ఎలా ఉందని అడిగారు. రేపల్లె రమ్మంటే కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళారు. 1994 నవంబరులో అక్కడే పోయారు.

1988 జూన్ పన్నెండు, ఆదివారం నాడు రేపల్లె నుంచి తెనాలి వెళ్ళినవాళ్ళలో మళ్ళీ తిరిగి రానిది దశరథరామయ్య మాస్టారు ఒక్కరే.