కిటికీ వైపు పెన్సిల్ గీత

ఒటాకర్ హవెల్కా తన రెండువందల పధ్నాలుగు కాక్టస్‌లకు పదిహేను రోజులుగా చుక్క నీరు పోయలేదు. ప్రయాణానికి ముందు మట్టి పొడిగా ఉండాలని, తడి వేరుకు దెబ్బ తగిలితే కుళ్లిపోతుందని రోజూ పొద్దున కాఫీ తాగుతూ భార్యకు చెబుతూనే ఉన్నాడు. ముప్ఫై ఒక్కేళ్లుగా వింటున్న బ్లాజెనా తల ఊపుతూనే ఉంది. ప్రయాణానికి ముందు భార్యకు ఏం కావాలో మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి లేదు. అందుకని ఆయన అడగలేదు.

బ్ర్నో నగరంలో నాలుగో అంతస్తు ఫ్లాటు అమ్మేసి, మికులోవ్ ఊరు దాటాక ఒక పల్లెలో ఇల్లు కొన్నాడు ఒటాకర్. ఇల్లంటే ఇల్లని కాదు. పన్నెండు మీటర్ల గాజు షెడ్డు, దాన్ని ఆనుకుని మనుషులు కూడా తలదాచుకోవడానికి రెండు గదులు. వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. "దక్షిణపు ఎండ నేరుగా పడుతుంది బ్లాజెంకా, ఇంకేం కావాలి?" అన్నాడు, కొన్న తర్వాత. కొనకముందు ఏమీ అనలేదు.

బ్లాజెనాకు కూడా సొంతంగా ఒక కాక్టస్ ఉంది. ఇరవై రెండేళ్ల కిందట, ఆసుపత్రి లాండ్రీలో తనతో పనిచేసిన విల్మా ఉద్యోగం మానేస్తూ చేతిలో పెట్టి వెళ్లిన పిలక అది. అక్కడ ప్రతి ముసలమ్మ కిటికీలోనూ కనిపించే రకం. దానికి లాటిన్ పేరూ లేదు, లేబులూ లేదు. ఒటాకర్ దాన్ని "నీ గడ్డి" అనేవాడు. వంటింటి వెచ్చదనంలో అది ఏనాడూ పూయలేదు. కాక్టస్ పూయాలంటే చలికాలమంతా నీళ్లు లేకుండా, చలిలో, ఎవరూ పట్టించుకోకుండా పడి ఉండాలి. ఈ సంగతి ఒటాకర్ కాక్టస్ క్లబ్బులో మూడుసార్లు ఉపన్యాసంగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

కిందటి నవంబరులో బ్లాజెనా ఎవరికీ చెప్పకుండా ఆ కుండీని మెట్ల దగ్గర పగిలిన కిటికీ పక్కన పెట్టింది. మార్చిలో లోపలికి తెచ్చుకుంది. మే నెలాఖరుకు దాని పక్కన ఊలు ఉండలాంటిది ఒకటి పొడుచుకొచ్చింది. ఇప్పుడది జానెడు పొడుగు మొగ్గ. ఇవాళో రేపో సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లారాక వాడిపోతుంది. కుండీ దిక్కు మారితే మొగ్గ రాలిపోతుందని ఆమెకు తెలుసు, అందుకే కిటికీ వైపు అంచు మీద పెన్సిల్‌తో గీత గీసుకుంది. ఆ పువ్వు ఆమెకు కావాలి. ఈ ఇల్లు మారడంలో ఆమె తనకంటూ కోరుకున్నది అదొక్కటే.

శనివారం పొద్దున్నే క్లబ్బు అధ్యక్షుడు ఇంజినీరు పోస్పీఖల్ దిగాడు. చేతిలో తాను రాసిన పదకొండు పేజీల నియమావళి, 'ముళ్ల మొక్కల సురక్షిత తరలింపు'. మోచేతుల దాకా వెల్డింగు చేతితొడుగులు, నుదుటి మీద కళ్లద్దాలు. గుమ్మంలో ఆగి, ఆచారం ప్రకారం బూట్లు విప్పాడు.

"చెప్పులేమైనా ఉన్నాయా హవెల్కోవా గారూ?"

"నిన్ననే అట్టపెట్టెలో పెట్టి కట్టేశానండి. మీరు బూట్లతోనే రండి, ఎలాగూ వదిలేసి పోయే ఇల్లేగా," అంది బ్లాజెనా.

"అయ్యో, ఒకరింట్లోకి బూట్లతోనా? నన్ను అంత మర్యాద తెలియనివాడు అనుకున్నారా?" అని ఊదారంగు మేజోళ్లతో లోపలికి వచ్చాడు. యుద్ధానికి వెళ్తున్నవాడిలా పైనంతా కవచం, కింద మేజోళ్లు. పదకొండు పేజీల్లో పాదాల ప్రస్తావన ఎక్కడా లేదు.

ఒటాకర్ రెండో జత చేతితొడుగులు వేసుకున్నాడు. మూడో జత లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

మొదటి కాక్టస్‌ను పెట్టెలోకి దించడానికి ఆ ఇద్దరికీ గంటా పది నిమిషాలు పట్టింది. ముళ్ల కొసలకు థర్మోకోల్ తొడగాలా, పాత నైలాన్ మేజోడు తొడగాలా అన్న దగ్గర పెద్ద చర్చ నడిచింది. ఇంజినీరు రెండో పేజీ చదివాడు. ఒటాకర్ తన అనుభవం చెప్పాడు. ఇంజినీరు రెండో పేజీ మళ్లీ చదివాడు.

ఈలోగా బ్లాజెనా పాత వార్తాపత్రికను పట్టీలా మడిచి, మొక్క నడుముకు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని కుండీలోంచి ఎత్తి, మట్టి దులిపి, ఇంకో రెండు కాగితాల్లో చుట్టి పెట్టెలో నిలబెట్టేస్తోంది. అలా వాళ్ల మొదటి మొక్క పూర్తయ్యేలోపు నలభై పూర్తిచేసింది. వేళ్ల నిండా ముళ్లు దిగాయి. ఒకటి రెండు చోట్ల రక్తం వార్తల మీద మరకైంది.

"నియమావళి ప్రకారం కాకుండా చేస్తున్నారు," అన్నాడు ఇంజినీరు, నొచ్చుకుంటూ.

"నిజమేనండి. ఏదో తొందరలో అయిపోతున్నాయి," అంది బ్లాజెనా.

పదకొండున్నరకు నాలుగో పేజీ వచ్చింది. మొగ్గ తొడిగిన మొక్క ప్రయాణంలో నీరసిస్తుంది గనక మొగ్గలన్నీ ముందే కత్తిరించాలి. ఇంజినీరు చిన్న కత్తెర తీశాడు. బాల్కనీలో ఒక్కో మొగ్గ తెగుతుంటే ఒటాకర్ చావింట్లో నిలబడ్డట్టు నిలబడి, ఒక్కోదాని పేరూ లాటిన్‌లో పలికాడు. ఆయన కళ్లు తడిశాయి. బ్లాజెనా పెళ్లయ్యాక ఆ కళ్లు తడవడం చూసింది రెండోసారి. మొదటిసారి మొక్కలకు ఎర్రనల్లి పట్టినప్పుడు.

"ఇంకేమైనా మిగిలాయా?" అన్నాడు ఇంజినీరు.

"వంటింట్లో మా ఆవిడ గడ్డి ఒకటుంది," అన్నాడు ఒటాకర్.

"దాన్ని ముట్టుకోవద్దు," అంది బ్లాజెనా. "అది నాతో ముందు సీట్లో వస్తుంది."

"హవెల్కోవా గారూ, సెంటిమెంటు వేరు, శాస్త్రం వేరు. దారిలో అదెలాగూ రాలుతుంది. మొక్క మంచికే చెబుతున్నా."

"ఒటా, చెప్పు ఆయనకి. ఇరవై రెండేళ్లకి వచ్చింది."

ఒటాకర్ పెట్టె మీంచి తలెత్తలేదు. "ఒక్క మొగ్గే కదా బ్లాజెంకా. నేను ముప్ఫై ఏడు పోగొట్టుకున్నా, చూశావుగా. పద్ధతంటే అందరికీ ఒకటే పద్ధతి."

బ్లాజెనాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. బాల్కనీలోకి వెళ్లి, కుందేలు చెవుల్లాంటి ఆకులున్న నాగజెముడు కుండీని తెచ్చింది. చూడ్డానికి దానికి ముళ్లే లేనట్టుంటుంది. ముఖమల్ గుడ్డ మీద పసుపు చుక్కలు కుట్టినట్టుంటుంది. ఆ ఒక్కో చుక్కలో కంటికి ఆనని నూగుముళ్లు వంద ఉంటాయని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. కుండీని వంటింటి గుమ్మంలో దించింది. ఇల్లంతా పెట్టెలే, మరెక్కడ పెడుతుంది పాపం. దించేటప్పుడు రెండు చెవులు ఊడి నేలమీద పడ్డాయి. అలాంటివి ఊడుతూనే ఉంటాయి. ఆమె తీరిగ్గా చీపురు వెతకడానికి వెళ్లింది.

ఇంజినీరు పోస్పీఖల్ కత్తెర చేత్తో, నాలుగో పేజీ మీద చూపుతో వంటింట్లోకి అడుగు పెట్టాడు. మొదట కుడికాలు, తర్వాత, ఏమైందో చూసుకోబోయి, ఎడమకాలు.

ఆ తర్వాత రెండు గంటలపాటు నియమావళి మూతబడింది. ఇంజినీరు స్నానాల తొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఎదురుగా నేలమీద ఒటాకర్, చేతిలో భూతద్దం, చిన్న పట్టుకారు. అధ్యక్షుడి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో నూగూ పీకుతూ, "నొప్పిగా ఉందా ఇంజినీరు గారూ? కాస్త ఓర్చుకోండి. ఇక్కడా? ఇక్కడా?" అని ఎంత లాలనగా అడిగాడో. బ్లాజెనా తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడి ఆ గొంతు వింది. అలాంటి గొంతు ఆయన దగ్గర ఉందని ఇన్నేళ్లుగా ఆమెకు తెలియదు. ముళ్లు దిగిన చేతుల్ని ఏప్రాన్‌కు తుడుచుకుని వెళ్లి, మిగతా మొక్కలన్నీ చుట్టేసింది. మధ్యలో అందరికీ బ్రెడ్డు మధ్య వేయించిన పందిమాంసం పెట్టి, బంగాళదుంప సలాడు కూడా వడ్డించింది.

మూడింటికి లారీ బయలుదేరింది. ఒటాకర్, ఇంజినీరు పాదాలకు తోడుగా, వెనక కారులో. బ్లాజెనా లారీ ముందు సీట్లో, ఒళ్లో కుండీ, పెన్సిల్ గీత కిటికీ వైపు. రోడ్డు వంపు తిరిగినప్పుడల్లా ఎండ ఎటు పడితే గీతను అటు తిప్పుతూ కూర్చుంది. డ్రైవరు లుడ్యెక్ కాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

"ఏంటమ్మా అది, కాక్టసా, చంటిబిడ్డా?"

"కాక్టసే నాయనా. బిడ్డయితే వెనకాల పడేసేదాన్ని."

లుడ్యెక్ నవ్వాడు. కానీ ఆ తర్వాత గుంత వచ్చిన ప్రతిచోటా బండి నెమ్మది చేశాడు. ఆ రోజంతటిలో ఆ మొగ్గ గురించి ఆలోచించిన రెండో మనిషి అతనే.

సాయంత్రం పెట్టెలు గాజు షెడ్డులోకి చేరాయి, ఇంజినీరును వాళ్ల కోడలు వచ్చి తీసుకెళ్లింది. ఎనిమిదింటికి, ఇంకా వెలుతురుండగానే, ఇరుకు వంటింటి కిటికీలో మొగ్గ విచ్చుకుంది. అరచేయంత తెల్లటి పువ్వు, అంచుల్లో కాస్త గులాబి. బ్లాజెనా స్టూలు లాక్కుని దాని ఎదురుగా కూర్చుంది. వాసన గుమ్మం దాటి షెడ్డు దాకా పోయినట్టుంది, ఒటాకర్ ఆ వాసన వెంట వచ్చాడు. చాలాసేపు చూశాడు. నిపుణుడు కదా, అసూయ కూడా పద్ధతిగా పడ్డాడు.

"నీ గడ్డేనా ఇది? ఎలా పూయించావు?"

"నీ ఉపన్యాసంలో చెప్పినట్టే. చలిలో పడేశా. నీళ్లు పోయలేదు. చలికాలమంతా దానివైపు చూడలేదు." ఆమె పువ్వు మీంచి చూపు తిప్పలేదు. "నామీద నువ్వు ముప్ఫై ఒక్కేళ్లు అదే ప్రయోగం చేశావు ఒటా. మరి నేనెందుకు పూయలేదో ఈసారి క్లబ్బులో అడుగు."

వంటింట్లో రెండో స్టూలు పట్టే చోటు లేదు, అందుకని ఒటాకర్ నేలమీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఇంజినీరు పాదాల దగ్గర కూర్చున్నట్టే. జేబులోంచి భూతద్దం, పట్టుకారు తీశాడు.

"చెయ్యి ఇలా ఇవ్వు."

ఇచ్చింది. ఆయన చూపుడువేలును వెలుతురుకు పట్టుకుని, భూతద్దంలోంచి చూసి, ఒక్కసారిగా ముఖం వెలిగిపోయి, "మామిలేరియా ముల్లు. కొస చూడు, గాలంలా వంగింది," అన్నాడు.

బ్లాజెనా చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. తానేమన్నాడో అప్పటికి చెవికెక్కినట్టుంది, తల దించుకున్నాడు. వాచిన వేళ్లను ఒక్కొక్కటే తిప్పి చూశాడు. పదీ చూశాడు.

"నొప్పిగా ఉందా?"

దీనికి చెప్పడానికి ఆమె దగ్గర ముప్ఫై ఒక్కేళ్లుగా నూరి ఉంచిన జవాబులు చాలా ఉన్నాయి. ఒకదాన్ని మించింది ఒకటి. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఉంది," అంది.