లెక్కలో ఒక్క మగాడు

టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న తనలాంటి ఆడవాళ్ల కోసం ఒక వెబ్‌సైట్లో పెద్దక్షరాల పేజీ ఉంది. అలాంటి ఆడవాళ్లెవరూ చదవడం లేదని రేపటి నుంచి దాన్ని తీసేస్తున్నారట. లైబ్రరీలో తనతోపాటు చదువుకునే పదకొండు మందినీ వెంటబెట్టుకుని ఆమె నేరుగా ఆ వెబ్‌సైటు వాళ్ల ఆఫీసుకే వెళ్లింది.

"మీ లైబ్రరీ నుంచి చదివేది ఒక్కడేనమ్మా," అన్నాడు ఏ పేజీ ఎవరు చదువుతున్నారో లెక్కలు చూసే ఉద్యోగి, తెర మీద చూపిస్తూ. "ముప్పై ఏళ్ల మగాడు. బైకులంటే పిచ్చి."

"ఆయన మా పంతులు నాయనా! ఉన్నది ఒక్క కంప్యూటరు, అది తెరుచుకునేది ఆయన పేరుతో. బైకులు చూసేది ఆయన, పేజీ చదివేది మేము."

"మాకు మనుషులు కనపడరు కదండీ. ఖాతాలో రాసిన వయసు, ఇంకా ఏమేం చూస్తున్నారు, వాటిని బట్టి అంచనా వేస్తాం."

"ముప్పై ఏళ్లు బట్టలు కుట్టాను. కొలత తీయకుండా అంచనాగా కత్తెర వేస్తే చొక్కా నా మొహాన కొట్టేవాళ్లు! ఇప్పుడు కనపడుతున్నాం కదా, లెక్కపెట్టు."

"మీసాలున్నాయేమో కూడా చూసుకో బాబూ!" అంది వెనక నుంచి ఒకావిడ.

అతను నిజంగానే లెక్కపెట్టాడు. "పన్నెండు మంది. కానీ చేత్తో రాయడానికి రిపోర్టులో గడి లేదమ్మా."

"అయితే ఆ గడులు గీసినవాణ్ణి పిలువు," అంటూ టైలరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. మిగతావాళ్లంతా గుమ్మానికి అడ్డంగా నేల మీదే చతికిలబడ్డారు.

అతను ఫోను అందుకున్నాడు.