రెండుసార్లు తట్టాలి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నా కూతురికి నొప్పి పుడితే అది నోరు తెరిచి చెప్పదు. పడుతుందనో, తగులుతుందనో కాదు. పిల్లలన్నాక పడతారు, తగులుతుంది. తగిలినదాన్ని లోపల దాచుకుని, నేను అడిగితే "ఏం లేదమ్మా" అని నవ్వుతుందే, ఆ నవ్వంటే నాకు భయం.

దానికి ఆరేళ్లప్పుడు చెవిపోటు వచ్చింది. నాలుగు రోజులు కిమ్మనలేదు. అన్నం తింది, ఆడుకుంది, బడికెళ్లింది. ఐదో రోజు పొద్దున దిండు గలీబు మీద పసుపుపచ్చ మరక చూసి నేనే కేక పెట్టాను. కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు డాక్టరు. "ఇన్నాళ్లు ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాడు. అప్పటినుంచి రోజుకి నలభైసార్లు "ఎక్కడైనా నొప్పా?" అంటూ దాని వెంటపడ్డాను. నలభైసార్లూ "లేదు" అనేది.

చెవి మానాక, పిల్ల మరీ పుల్లలా ఉంది, ఏదైనా ఆటలో వెయ్యమన్నాడు అదే డాక్టరు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఒక అద్దాల దుకాణం ఉన్న మేడలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్లి, పై అంతస్తులో జూడో నేర్పుతున్నారని చూసి, నన్నొక మాట అడగకుండా పేరు రాయించి వచ్చాడు.

"జూడోనా? మనుషుల్ని ఎత్తి పడేస్తారు కదండీ!"

"పడేస్తే ఎలా పడాలో కూడా నేర్పుతారే. నీ భయాలు ఒక్కోదానికి ఒక్కో అంతస్తు కట్టుకుంటూ పోతే నా లిఫ్టు కూడా అందదు."

ఆయనకి అన్నీ వేళాకోళమే. పిల్లని "పిచ్చుకా" అని పిలుస్తాడు. ఆ పిచ్చుకని భుజం మీద ఎక్కించుకుని మెట్లెక్కుతుంటే, వెనకాల నేను మందుల సంచితో బయల్దేరాను.

పొడవాటి గది. నేలంతా దళసరి చాపలు పరిచి, అంచులకి గట్టి టేపు అంటించారు. కిటికీ పక్కన తల్లులు కూర్చునే చెక్క బెంచీ. నేర్పే మాస్టారు అరవై దాటిన మనిషి, పొట్టి. పగలు కింద దుకాణంలో అద్దాలు కోస్తారు, సాయంత్రం పైకొచ్చి తెల్ల కోటు తొడుక్కుంటారు. చెవి మీద కొలతల పెన్సిలు తీయడం మర్చిపోయి అలాగే చాప మీదికి వస్తే పిల్లలు గొల్లుమనేవారు.

రెండు నెలలు పడడమే నేర్పారు. గడ్డం గుండెకి ఆనించాలి, చేత్తో చాపని గట్టిగా చరచాలి. దానికి ముందు తాడాట, కప్పగంతులు, మోచేతుల మీద పాకడం. సగం అన్నం కంచంలోనే వదిలేసే పిల్ల "ఇంకొంచెం పెట్టమ్మా" అనడం మొదలుపెట్టింది. స్నానం చేయించేటప్పుడు పిక్కలు పట్టుకుంటే గట్టిగా తగిలేవి. ఊరికే రెండోసారి పట్టుకుని చూసేదాన్ని.

నేను బట్టలు కుట్టే షెడ్డులో కాలర్ల మిషను మీద పని చేస్తాను. అది తెలిసి మాస్టారు చిరిగిన కోట్లు నాకిచ్చేవారు. వాటి కాలరు మామూలుది కాదు. వరస మీద వరస కుట్టి కట్టెలా ఉంటుంది, సన్నసూది టక్కున విరుగుతుంది. లావు సూది వేసి నెమ్మదిగా కుట్టాలి. బెంచీ మీద కూర్చుని ఊడిన దారాలు వెతుక్కుంటూ, ఓరకంట పిల్లని చూసుకునేదాన్ని.

మూడో నెలలో పట్లు మొదలయ్యాయి. ఎదుటివాళ్లని నేలకి అదిమి పట్టి ఇరవై లెక్కపెట్టేదాకా లేవనివ్వకూడదు. అక్కడే వాళ్ల అసలు నియమం ఉంది. కింద ఉన్నవాళ్లకి నొప్పి పుడితే, ఊపిరి ఆడకపోతే, చేత్తో రెండుసార్లు తట్టాలి. ఎదుటివాళ్ల ఒంటి మీదైనా సరే, చాప మీదైనా సరే. తట్టగానే పైనున్నవాళ్లు వదిలెయ్యాలి. ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. పెద్దవాళ్లలో ఒక కండక్టరక్క ఉండేది, బస్సు దిగి నేరుగా యూనిఫాంతోనే వచ్చేది. ఆవిడ తట్టిందంటే కింద అద్దాలు కదిలేవి. "నేను చచ్చాను, దిగవే తల్లీ, స్టాపొచ్చింది!" అని అరిచేది కూడా.

నా పిచ్చుక మాత్రం తట్టలేదు. ఒక్కసారి కూడా.

ఒకరోజు అక్కడికొచ్చే ఒక డ్రైవరుగారి అమ్మాయి దాన్ని అదిమి పట్టింది. బొద్దుగా ఉండే మంచి పిల్ల. మాస్టారు ఇరవై లెక్కపెట్టారు. పైనున్న పిల్ల లేచి, కిందికి చూసి కెవ్వుమంది. మా దాని ఉంగరం వేలు వెనక్కి మడతపడి, రెండు వేళ్లంత లావు వాచింది. ఇది నవ్వుతోంది. "ఏం లేదు, ఏం లేదు" అంటోంది.

నేను బెంచీ మీంచి ఎలా లేచానో, చాప మీదికి చెప్పులతో ఎలా పరిగెత్తానో నాకే తెలీదు. ఏడుపు ఆగలేదు. మాస్టారు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టి, వేలిని పక్కవేలికి కలిపి కట్టారు. తర్వాత నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు.

"నలభై ఏళ్లుగా గాజుతో పని చేస్తున్నానమ్మా. అది ముందుగా చెప్పదు, నేరుగా పగులుతుంది. చెప్పని మనిషిని నేను ఇంకొకళ్ల చేతుల్లో పెట్టలేను. నెలాఖరులోపు తట్టడం వస్తే సరే. రాకపోతే పాపని పంపకండి, నా వల్ల కాదు."

ఆ మాట పిల్ల వింది. దారంతా వెనక్కి తిరిగి ఆ మేడనే చూసుకుంటూ వచ్చింది. వేలు నొప్పికి కాదు, చాప మీదికి రానివ్వరేమోనని. అది అంతలా దేన్నీ కోరుకోవడం నేను చూడలేదు.

ఇంట్లో మంచం మీద నేర్పించబోయాను. నేను పట్టుకుంటే టపటపా తట్టేసేది, ఆటలాగా. "నొప్పి పుట్టినప్పుడు తట్టాలే" అంటే, "ఎప్పుడు పుట్టిందో నువ్వు చెప్పమ్మా, తడతాను" అంది. మా ఆయన పక్కనుంచి పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మర్నాడు మాస్టారు నా చేతిలోని కోటు చూసి, "కుట్టడం అయిపోయిందా? అయితే తొడుక్కోండి" అన్నారు.

"నేనా! నాకేం వచ్చండీ?"

"ఏమీ రాకపోవడమే కావాలి నాకు."

కండక్టరక్క చప్పట్లు కొట్టింది. "రా చెల్లీ, రా! మెల్లగానే పట్టుకుంటాలే, చిల్లర ఉందా అని కూడా అడగను."

సిగ్గుతో చచ్చిపోతూ పడుకున్నాను. ఆవిడ నా మెడ కింద చెయ్యి వేసి, నా ఛాతీ మీద తన బరువంతా ఆనించింది. మొదట బాగానే ఉంది. తర్వాత ఊపిరి సగంలో ఆగింది. పక్కటెముక మీద ఏదో గుచ్చుతోంది. పంటి బిగువున భరించాను. కాసేపు ఓర్చుకుంటే వాళ్లే లేస్తారు కదా అనుకున్నాను. పై కప్పు మీద నల్లటి చుక్కలు కనిపించాయి. చివరికి మాస్టారే అక్కని లేపారు.

"నొప్పి పుట్టలేదా అమ్మా?"

"పర్వాలేదండీ" అన్నాను.

గది గదంతా నవ్వింది. "పర్వాలేదట! మొహం చూడండి, వంకాయ అయింది!" అంది అక్క. ఒక్క నా కూతురే నవ్వలేదు. కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. ఆ "పర్వాలేదండీ" ఎవరి గొంతో నాకు తెలుసు. నాలుగు రోజులు చెవిపోటుతో బడికెళ్లిన గొంతే.

ఎనిమిదో తరగతిలో నన్ను బడి మాన్పించారు. అమ్మకి జబ్బు చేసింది, ఇంట్లో మనిషి కావాలి. చదువుకుంటానని ఒక్క మాట కూడా అనలేదు నేను. పర్వాలేదన్నాను. ఒకసారి షెడ్డులో సూది వేల్లోకి దిగిపోతే గుడ్డ చుట్టుకుని డజను కాలర్లు పూర్తి చేశాకే లేచాను. ఆ రోజు నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నది ఎవరనుకున్నారు? ఇదే. అప్పటికి నాలుగేళ్ల పిల్ల.

నేను కూడా చేరాను. పొద్దున ఆరింటికి పెద్దవాళ్లకి నేర్పేటప్పుడు, అక్కతోపాటు, షెడ్డుకి వెళ్లేముందు. మొదటి వారం ఒళ్లు హూనమైంది. ముప్పై దండీలూ ముప్పై గుంజీలూ తీసిన మర్నాడు తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు, మెట్లు వెనక్కి తిరిగి దిగాను. తట్టడం ఇంకా కష్టం. చెయ్యి లేస్తుంది, ఎవరేమనుకుంటారోనని సగంలో ఆగుతుంది. "తట్టవే మొండిదానా, నీకేమైనా పతకం ఇస్తారా!" అని అక్క నా మీదే కూర్చుని తిట్టేది. "బలమైనవాడు తొందరగా తడతాడు, రేపు మళ్లీ వస్తాడు" అనేవారు మాస్టారు. పదో రోజు తట్టాను. అక్క ఎగిరి లేచి నాకు సలాం కొట్టింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సిగ్గో సంతోషమో తెలీదు.

ఆ రోజు ఇంట్లో మా ఆయనతో, "నడుం నొప్పిగా ఉందండీ. ఆ నీళ్ల బిందె మీరు ఎత్తండి" అన్నాను. చేతిలో ఉన్న స్పానర్ కింద పడేశాడు. "ఏమైందే? డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అన్నాడు. ఏడేళ్ల కాపురంలో... కాదు, తొమ్మిదేళ్లు... నా నోట ఆ మాట వినడం ఆయనకి అదే మొదలు. పిచ్చుక తలుపు చాటునుంచి చూస్తోంది.

నెలాఖరుకి మూడు రోజులుందనగా మాస్టారు తల్లీకూతుళ్లిద్దర్నీ చాప మీదికి పిలిచారు. ముందు అది నన్ను పట్టుకుంది. ఉన్న బరువెంత! కానీ కాలరు నా చేతి కుట్టు కదా, గట్టిగా మెడకి ఒత్తుకుంది. తట్టాను. టక్కున వదిలేసి, నా మొహంలోకి వంగి చూసింది.

"నిజంగా నొప్పేనా?"

"అవునే. మెడ దగ్గర."

"ఏడవవా మరి?"

"ఎందుకు ఏడుస్తాను? తట్టాను, వదిలావు. తగ్గిపోయింది."

కాసేపు చాప అంచు టేపుని గోరుతో గీకింది. "చెవి నొప్పి అప్పుడు చెప్తే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు" అంది, ఏదో బడి సంగతి చెప్పినట్టు.

ఏడవకూడదు, ఇప్పుడు మాత్రం ఏడవకూడదు. అంతలో మాస్టారు, "ఇప్పుడు మీరు పట్టుకోండి" అన్నారు.

పట్టుకున్నాను. నా కింద దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. మొహం ఎర్రబడింది. కిమ్మనడం లేదు. నా చేతులు వాటంతటవే వదులవుతున్నాయి. "వదలకండి. పాప తట్టాకే" అన్నారు మాస్టారు. ఇంత కష్టమైన పని నేను ఎన్నడూ చెయ్యలేదు. ఆయన లెక్కపెడుతున్నారు, ఎనిమిది. తొమ్మిది. దాని చెయ్యి పైకి లేచింది. నా వీపు మీద ఒకసారి తగిలింది. ఆగింది. ఇంకోసారి తగిలింది.

వదిలేశాను.

"ఎక్కడ?" అన్నాను, మొహం మామూలుగా పెట్టి.

"నీ మోచెయ్యి. ఇక్కడ పొడుస్తోంది. బాగా తిని లావు అవ్వచ్చుగా, అన్నీ ఎముకలే!"

అక్క పడీపడీ నవ్వింది. మాస్టారు చెవి మీది పెన్సిలు తీసి, గోడకున్న కాగితంలో దాని పేరు ఎదురుగా టిక్కు పెట్టారు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, వచ్చే వారంనుంచి షెడ్డులో నాకు శనివారం సాయంత్రం పని వేశారు. పిల్లని మా ఆయన దింపి వెళ్తాడు, మళ్లీ తీసుకొస్తాడు. మధ్యలో గంటన్నర బెంచీ మీద నేను ఉండను. అది ఇప్పుడు తడుతోంది, కానీ ఐదుసార్లలో మూడుసార్లే. మిగిలిన రెండుసార్లూ ఆ పాత నవ్వే నవ్వుతుంది.

మీ పిల్లలు కూడా అక్కడికి వస్తుంటే, శనివారం ఆ బెంచీ మీద మీరు ఉంటే, దాన్ని కాస్త చూడండి. రెండు జడలు, మోచేతి దగ్గర నీలం అతుకు వేసిన కోటు. నవ్వుతూ చేతిని వెనక్కి దాచుకుంటే పక్కకి పిలవండి. నొప్పా అని అడగకండి, లేదంటుంది. ఎక్కడ అని అడగండి. చూపిస్తుంది.