కుర్చీ మీద తువ్వాలు

మధ్యాహ్నం పన్నెండింటికి మాల్యాద్రి పంపుహౌసు కంప్యూటరు లోపలికి వెళ్తాడు. తలుపు డబ్బా వెనక, ఫ్యాను పక్కన ఉంది. చెప్పులు బయట విడిచి, తల కాస్త వంచితే చాలు.

ఊళ్ళో కుళాయిలు ఎండిపోయి ఇవాళ్టికి మూడు రోజులు. కాలవలో నీళ్ళున్నాయి, మోటారు బాగానే ఉంది. మోటారుని తిరగమని చెప్పాల్సిన కంప్యూటరే, ఎన్నిసార్లు ఆపి వేసినా పదినిమిషాల్లో బిగుసుకుపోతోంది. నాలుగింటిలోగా తప్పెక్కడుందో చూపించకపోతే ఇంజనీరు మేడం సంహిత ఆ యంత్రాన్ని తీయించేస్తుంది. దాంతోపాటు మాల్యాద్రిని కూడా.

"ఎంతవరకు చదువుకున్నారండీ?" అని పొద్దున ఆమె అడిగింది. ఎనిమిది అన్నాడు. ఆమె ఫోను చూసుకుంది. తిట్టినా బాగుండేది. యంత్రం నడిమధ్యన కూర్చుని అన్ని పనులనీ నడిపించే ప్రోగ్రాము, కెర్నెల్ అంటారు దాన్ని, పన్నెండేళ్ళుగా కాగితాల మీద అచ్చేసుకుని, కూడబలుక్కుని చదివినవాడు మాల్యాద్రి. డిగ్రీలవాళ్ళు వస్తారు, ఆపి మళ్ళీ వేస్తారు, టీ తాగి వెళ్తారు. ఆపి మళ్ళీ వెయ్యడానికి చదువెందుకో అతనికి ఇప్పటికీ అర్థం కాదు.

లోపల పొడవాటి వరండా. అతను నడిచేకొద్దీ అది వెనకవైపు పొడుగవుతుంది. ముందు మిగిలిన దూరం మాత్రం తరగదు. బల్లల మీద యంత్రం చేసే పనులన్నీ మనుషుల్లా కూర్చుని ఉన్నాయి. గడియారం చూసే ముసలాయన, ఇంకా చాలామంది. నీటిమట్టం కొలిచే ఆవిడ చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఒక్కొక్కరి మెడలో ఒక నంబరు. బంట్రోతు నంబరు పిలిస్తే లేచి, రెప్పపాటు పనిచేసి, సగంలో వదిలేసి కూర్చోవడం వాళ్ళ ఉద్యోగం. రోజుకి లక్షలసార్లు. అందుకే అందరి మోకాళ్ళూ అరిగి నున్నగా మెరుస్తున్నాయి.

ఇప్పుడు బంట్రోతు ఎవరినీ పిలవడం లేదు.

మాల్యాద్రి టార్చి వేస్తాడు. వెలుగు పడినచోట అంతా సవ్యంగా కదులుతుంది. పక్కకి తిప్పగానే బిగుసుకుంటుంది. మూడు రోజులుగా ఇదే వరస. తను చూస్తున్నంతసేపూ తప్పు జరగదు. ఒళ్ళు మండి టార్చి ఆర్పేసి, గోడ తడుముకుంటూ వెళ్తాడు.

చివర్న పంపు గది. అందులో ఒక చక్రం, దాని ముందు ఒకే ఒక కుర్చీ. కుర్చీలో కూర్చున్నవాళ్ళే చక్రం తిప్పాలి. కుర్చీ మీద తువ్వాలు వేసి ఉంది.

బస్సు సీటు మీద తువ్వాలుంటే ఆ సీటు ఒకరిది అయిపోయినట్టే. ఇక్కడా అంతే. నీటిమట్టం కొలిచే ఆవిడ చంకన ఖాళీ బిందెతో పక్కనే నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి ఇట్టా, అక్కా?"

"ఏమో నాయనా. తువ్వాలేసినాయన వస్తాడంట."

"రాకపోతే?"

"వస్తాడులే. తువ్వాలుండాదిగా."

"తీసేసి నువ్వు కూచోరాదా?"

"ఒకరి సీటు లాక్కునేదానిలా కనపడతన్నానా నీకు? మంచోడివే!"

మాల్యాద్రి వంగి చూస్తాడు. ఎర్ర అంచు. మూల సోల్డరింగ్ కడ్డీ తగిలి కాలిన చిల్లు. తువ్వాలు తనదే.

పోయిన వేసవిలో మట్టం లెక్క తప్పుగా వస్తోందని ఇక్కడికి వచ్చాడు. తను చూస్తున్నంతసేపూ ఎవరూ చక్రం కదపకూడదని తువ్వాలు వేశాడు. పనయ్యాక దాన్ని తీసుకుని పెద్ద తలుపు గుండా వెళ్ళాలి. కానీ లెక్క తేడా వస్తే తొందరగా బయటపడ్డానికని గోడకి ఒక పక్క తలుపు పెట్టాడు. దాని మీద 'తువ్వాలు తీసుకుని వెళ్ళవలెను' అని రాయలేదు. ఆ ఒక్క వాక్యమే లేదు. ఇన్నాళ్ళూ రాని లెక్క తేడా మూడు రోజుల కిందట వచ్చి ఉంటుంది. పక్క తలుపు ఇంకా తెరిచే ఉంది. చెక్క మీద చేతిరాత కూడా అతనిదే.

తువ్వాలు లాగబోతే బంట్రోతు చెయ్యి పట్టుకుంటాడు.

"నాదేనయ్యా అది!"

లోపలికి వచ్చిన ప్రతిసారీ అతని మెడలో కొత్త నంబరు పడుతుంది, పాత నంబరువాడు లోపలే ఉండిపోతాడు. బంట్రోతు ఆ నంబరు చూస్తాడు. "నువ్వు తొంభై మూడు. తువ్వాలేసింది నలభై ఒకటి."

"ఆ నలభై ఒకటిని నేనే!"

"అయితే ఆయన్ని పిలుచుకురా. ఇద్దరూ కలిసి తీసుకోండి."

"ఆయన పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు."

"వెళ్తే తువ్వాలు తీసుకుపోడా? తువ్వాలుంది కాబట్టి వెళ్ళలేదు."

మాల్యాద్రి కుర్చీని ఎగిరి తంతాడు. నొప్పి అతనికి తెలియదు. ఎక్కడో దూరంగా నలభై ఒకటి "అబ్బా" అంటాడు.

పైనుంచి ఒక కాగితం రాలుతుంది. మేడం సంతకం. కదలకుండా ఉన్న తొంభై మూడుని వెంటనే చంపెయ్యమని ఆర్డరు.

"సరే, కానియ్యి," అంటాడు మాల్యాద్రి. "ఊరికి నీళ్ళన్నా వస్తాయి."

"రావు. నువ్వు పోయినా తువ్వాలు నలభై ఒకటిదే. అయినా చావడానిక్కూడా నీ వంతు రావాలి."

"ఎప్పుడొస్తది?"

"కుర్చీ ఖాళీ అయినాక."

నాలుగు కావస్తోంది. ఇక మిగిలింది పైకి అరవడం. తప్పు దొరికింది మేడం, పక్క తలుపు నేనే పెట్టాను, ఒక వాక్యం రాయలేదు. ఎనిమిదో తరగతి వాడు రాస్తే ఇంతే అనుకుంటుంది. అనుకోనీ. ఆ మాట గొంతు దాటి రావడానికి నాలుగింటి దాకా పడుతుంది. మాల్యాద్రి తలెత్తి నోరు తెరుస్తాడు.

నీళ్ళు వస్తాయి.

చల్లగా, క్లోరిన్ వాసనతో, వేలెడు లావు ధార. చెప్పాల్సిన వాక్యం నాలుక కింద గులకరాయిలా ఉంది. నీళ్ళు దాని పక్కనుంచి బయటికి పోతున్నాయి. నోరు మూయబోతాడు. మూతపడదు.

"నీళ్ళొచ్చేశాయండీ," అని పైన మేడం ఎవరికో ఫోనులో చెబుతోంది. "ఎలా వచ్చాయో మాత్రం అర్థం కాలేదు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకండి. అలాగే ఉండనివ్వండి."

బల్లల మీద నుంచి అందరూ లేస్తారు. అందరి చేతుల్లోనూ బిందెలు.

"లైన్లో రాండి! మూడు రోజుల్నుంచి నిలబడింది నేను!" అంటూ మట్టం కొలిచే ఆవిడ తన బిందెని అతని గడ్డం కింద పెడుతుంది. సగం నిండేసరికి, అలవాటైన చేత్తో, అతని కుడిచెవి పట్టుకుని ఇంకొంచెం తిప్పుతుంది.